అవినాశ్ పోయాడా, పెళ్ళికొడుకయ్యాడా?

ముందు ముద్దాయిలెవరో చెప్పుకోవాలి. ఎక్కడో చల్లటి గదుల్లో కూర్చుని, ఒకరినొకరు ఇష్టపడ్డ ఇద్దరికి పెళ్ళి చెయ్యడానికి ఏళ్ళకేళ్ళు సాగదీసే సీరియల్ రచయితలారా, రాయపూర్‌లో రైల్వేవాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఆ ఆదివారం జరిగిన రభసకి బాధ్యులు మీరే. కన్నవాళ్ళు అడ్డం పడ్డారు, సరే. నాయనమ్మకి గుండెనొప్పి వచ్చింది, అదీ సరే. ఆపైన అబ్బాయికి మతిమరుపు! అమ్మాయికి చూపు పోవడం, మళ్ళీ రావడం! రెక్కలు ముక్కలు చేసుకుని బతికే జనం మీ గుమ్మం దగ్గర ఎన్నాళ్ళు కాపలా కాయాలి? మీరు వేళకి ఆ పెళ్ళి చేసి ఉంటే ఊర్మిళ అన్ని అబద్ధాలు ఆడాల్సి వచ్చేది కాదు.

ఆ సీరియల్ పేరు 'ఊంచీ చౌఖట్', అంటే ఎత్తు గడప. అందులో మాధవి, అవినాశ్ ప్రేమికులు. వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో వెల్డరుగా చేసే జోగయ్య ఇంట్లో రంగుల టీవీ ఉంది గనక, ఆదివారం పొద్దున్న ఆ వరస ఆడవాళ్ళంతా అక్కడే చేరేవారు. అందరివీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలుపని కోసం వచ్చిన కుటుంబాలు. బజారు హిందీ వాళ్ళకి బాగా వచ్చు. బేరమాడి టమాటాలవాడి చేత దండం పెట్టించగలరు. సీరియల్ హిందీ వేరు. అందులో మనుషులు మంచినీళ్ళు అడిగినా కవిత్వంలో అడుగుతారు. అందుకని కాలనీలో ఒక పద్ధతి పడింది. హిందీలో చదువుకున్న పిల్ల ఒకతె టీవీ పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. బొమ్మ నడుస్తుండగానే కథంతా తెలుగులో చెబుతుంది. జోగయ్య ఇంట్లో ఆ పీట అతని కూతురు ఊర్మిళది.

ఊర్మిళకి సామ్యూల్ అంటే ఇష్టం. సామ్యూల్ అదే కార్ఖానాలో ఫిట్టరు, రైల్వే ఆసుపత్రి నర్సు రూతమ్మ కొడుకు. సంగతి ఇంట్లో చెప్పాలి. జోగయ్యకి చెప్పి లాభం లేదు, ఆ ఇంట్లో చెల్లేది శేషమ్మ మాట. తల్లి ముందు నోరు తెరిచే దమ్ము లేక ఊర్మిళ ఆ పీటని వాడుకుంది. అసలు సీరియల్లో అవినాశ్‌ది, మాధవిది ఒకటే కులం. రెండు కుటుంబాలకీ ఏదో మిల్లు దగ్గర తగాదా. ఊర్మిళ తెలుగులో ఆ మిల్లు మాయమైంది. పేరు అవినాశే గాని వాళ్ళది క్రైస్తవుల ఇల్లు అయిపోయింది. రెండేళ్ళుగా ఆడవాళ్ళు దీన్ని నమ్మి ఏడ్చారు. "మతమేటే మతం! పిల్లడు బంగారం. కట్టబెట్టేస్తే పోతాది కదా!" అని తెర మీది తల్లిని తిట్టిపోశారు. అందరికన్నా గట్టిగా తిట్టింది శేషమ్మే.

ఇంతలో భిలాయి ఉక్కు కార్ఖానా సంబంధమంటూ శేషమ్మ బాంబు పేల్చింది. బుధవారం వాళ్ళు పిల్లని చూడటానికి వస్తారట. ఇక ఆగితే లాభం లేదు. ఆ ఆదివారం ఊర్మిళ ఒక నిర్ణయంతో పీట మీద కూర్చుంది. తెర మీద ఏం జరిగినా సరే, తన తెలుగులో మాధవి తల్లి ఇవాళ పెళ్ళికి ఒప్పుకుని తీరాలి. అందరి కళ్ళూ తడిగా ఉన్నప్పుడే సామ్యూల్ పేరు చెప్పేయాలి.

తెర మీద మొదటి నిమిషంలోనే అవినాశ్ కారు ఘాట్ రోడ్డు మలుపులో అదుపు తప్పింది. లోయ, పొగ. ఆ వెంటనే ఇల్లంతా తెల్లచీరలు.

"కారు పడిపోనాదేటే?" అంది పక్కింటి సూరమ్మ.

ఊర్మిళ తెర మీంచి చూపు తిప్పకుండా అల్లేసింది. "అది అవినాశ్ పాత కారు, పిన్నీ. అమ్మేశాడు. కొనుక్కున్నవాడు పడ్డాడు."

"అయ్యో, బిల్కుల్ కొత్తగా కొనుక్కున్నాడు గావాల. మరి ఈ తెల్లకోకలేటి?"

"గొప్పింటివాళ్ళు కదా, నిశ్చితార్థానికి తెల్లపట్టే కడతారు."

"నిశ్చితార్థమా!" గదిలో గొంతులన్నీ ఒక్కసారే లేచాయి.

"ఔను. మాధవి వాళ్ళమ్మ ఒప్పేసుకుంది. మతం ఏదైతేనేం, నా కూతురు సుఖపడితే చాలు అంటోంది."

తెర మీద మాధవి తల్లి గుండెలు బాదుకుంటోంది.

"అంతలా ఏడుస్తాదేటే?"

"ఆనందం పట్టలేక."

సరిగ్గా అప్పుడు తెర నిండా అవినాశ్ ఫోటో వచ్చింది. ఫోటోకి దండ, ముందర దీపం. ఆడవాళ్ళంతా ఊర్మిళ వైపు తిరిగారు. ఊర్మిళ కళ్ళు మూసుకుని తెగించింది.

"పెళ్ళికొడుకు డ్యూటీ మీద బయటూరు వెళ్ళాడు. సెలవు దొరకలేదు. అందుకని ఫోటో పెట్టి కానిచ్చేస్తున్నారు."

రైల్వే ఇల్లాళ్ళకి ఇంతకన్నా నమ్మదగిన మాట ఇంకోటి లేదు. సెలవు దొరక్క తమ సీమంతాలకీ పిల్లల బారసాలలకీ రాని మొగుళ్ళు అక్కడ ప్రతి ఒక్కరికీ ఉన్నారు. "పాపం, ఆఫీసరు సంతకం ఎట్టుండడు," అంటూ సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. శేషమ్మ లేచి, బుధవారం కోసం చేసిన లడ్డూల డబ్బా తెచ్చి అందరి చేతుల్లోనూ పెట్టింది.

ఇదే అదను. "అమ్మా, నీతో ఒక మాట చెప్పాలి," అంది ఊర్మిళ.

ధడాల్న తలుపు తోసుకుని నాంచారమ్మ వచ్చి పడింది. ఆమెది వెనక వరస. ఆమె ఇంట్లో పీట కొడుకు గురునాథానిది. వాడు అకౌంట్స్ గుమాస్తా, మాట పొదుపు. సీరియల్ అయ్యేదాకా ఉలకడు, చివర్లో ఒక్క ముక్క చెప్పి స్నానానికి పోతాడు. ఆవేళ చెప్పిన ముక్క: అవినాశ్ చనిపోయాడు.

"పోనాడు వదినా! నా తండ్రి అవినాశు ఎలిపోనాడు!" అని శేషమ్మని పట్టుకుని బావురుమన్న నాంచారమ్మ, సూరమ్మ బుగ్గలో లడ్డూ చూసి ఆగిపోయింది. "మడిసి పోతే లడ్డూలు తింతన్నారేటర్రా?"

"పోడమేటి? శాదీ పక్కా అయిపోనాది. పోటో ఎట్టి తాంబూలాలు పుచ్చేసుకున్నారు," అంది సూరమ్మ లడ్డూ నములుతూ.

"పోటోకి దండేస్తే శాదీయా? నీ పోటోకేస్తాను దండ, అవుతాదేమో సూద్దువు!"

సూరమ్మ లడ్డూ మింగి నడుం బిగించింది. "అయితే సెప్పు. శవాన్ని సూపించినారా?"

"పొగ సూపించినారు."

"పొగ మా ఇంట్లోనూ వస్తాది. శవాన్ని సూపించందే సావు లెక్కలోకి రాదు. మాధవి తాత పడవ మునిగి పోనాడన్నారు. గెడ్డం పెంచుకుని తిరిగి రానేదా?"

"తాత నీళ్ళలో పడ్డాడు. నీళ్ళలో పడినోడు వస్తాడు. లోయలో పడినోడు వచ్చినట్టు ఎక్కడన్నా ఉన్నాదా?"

"కవల తమ్ముడుంటే వస్తాడు!"

"అరే, ఉంటే ఇన్నేళ్ళు ఎక్కడ దాసినారు, నీ పెట్టిలోనా?"

గురునాథాన్ని తువ్వాలు మీదే లాక్కొచ్చారు. ఒంటి మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు. "చనిపోయాడు," అన్నాడు.

"నీకు పెళ్ళి కానేదు బాబూ, నీకేటి తెలుస్తాది. ఎల్లి నీళ్ళోసుకో," అంది సూరమ్మ. "మతం అడ్డు తొలిగిపోయి, ఆ తల్లి ఒప్పేసుకున్నాదంట!"

"మతమా? ఏ మతం?" అన్నాడు గురునాథం.

ఊర్మిళ గబుక్కున పీట మీంచి లేచింది. శేషమ్మ చెయ్యెత్తింది. "చుప్! ఇక్కడొద్దు. సాయంత్రం సంఘం హాల్లో, అందరి ముందూ తేలిపోవాల. మా ఊర్మిళే సెప్తాది."

తెలుగు సంఘం కార్యదర్శి దానయ్య యూనియన్ మనిషి. టీవీ చూడడు. చావు దగ్గరా పెళ్ళి దగ్గరా ప్రశ్నలు అడక్కూడదన్నది ఆయన సిద్ధాంతం. నాంచారమ్మ బృందం వచ్చి "అవినాశ్ పోనాడు, సంతాపసభ ఎట్టాల" అంటే హాలు రాసిచ్చాడు. శేషమ్మ బృందం వచ్చి "అవినాశ్‌కి నిశ్చయమైపోనాది, హాలు కావాల" అంటే, సిద్ధాంతం ప్రకారం ఏమీ అడక్కుండా అదే హాలు మళ్ళీ రాసిచ్చాడు. కాలనీ గేటు దగ్గర నల్లబల్ల మీద రెండు ప్రకటనలూ ఒకదాని కింద ఒకటి ఎక్కాయి. మధ్యాహ్నానికి కార్ఖానా మనుషుల్లో సగం మంది చూశారు. హిందీవాళ్ళు కూడా దండలు కొనుక్కొచ్చారు. కార్ఖానాలో ఏ షాపులో, ఏ విభాగంలో పనిచేసే అవినాశ్ అని ఎవరో అడిగితే, "బోగీ షాపు," అన్నాడు దానయ్య. నాయకుడన్నవాడు తెలియదనకూడదు.

సాయంత్రం హాల్లో ఒక పక్క తెల్లచీరలు, ఇంకో పక్క పట్టుచీరలు. మైకు పెట్టమని దానయ్య కబురు పంపితే, చర్చిలో మైకు చూసుకునే సామ్యూల్ వైరు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ఊర్మిళని చూసి నవ్వాడు. ఊర్మిళ నవ్వలేదు.

దానయ్య గొంతు సవరించుకున్నాడు. "కామ్రేడ్ అవినాశ్! డెబ్భై నాలుగు రైల్వే సమ్మెలో నా పక్కన నిలబడి లాఠీదెబ్బలు తిన్న యోధుడు! ఆయన అకాల మరణానికీ, ఆయన వివాహ నిశ్చయానికీ ఈ సభ ఏకగ్రీవంగా సంతాపమూ సంతోషమూ ప్రకటిస్తోంది. కుటుంబసభ్యులు వేదిక మీదకి రావాలి!"

ఎవరూ లేవలేదు.

"ఆడికి కుటుంబమేటి దానయ్యా? ఆడు టీవీలో ఉంటాడు," అంది నాంచారమ్మ.

దానయ్య మైకు వదిలేసి వెనక్కి జరిగాడు. హాలంతా ఒకటే గోల. పట్టుచీరలు కవల తమ్ముడంటాయి, తెల్లచీరలు లోయ అంటాయి. దండలు తెచ్చినవాళ్ళు ఎవరికి వెయ్యాలో తెలియక తిరుగుతున్నారు. ఒకాయన గురునాథానికి వేసేశాడు. "సెప్పవే ఊర్మిళా!" అంటూ ఆడవాళ్ళు ఆ పిల్లని వేదిక మీదకి తోశారు.

ఊర్మిళ మైకుని రెండు చేతులా పట్టుకుంది. "అవినాశ్ చనిపోయాడు," అంది. తెల్లచీరలు గొల్లుమన్నాయి. "వాళ్ళది వేరే మతం కూడా కాదు. రెండేళ్ళుగా నేనే కల్పించి చెప్పాను."

"ఎందుకే?" అని సూరమ్మ అరిచింది. "మా కన్నీళ్ళు ఊరికే పారబోసినావేటే?"

ఊర్మిళ చూపు వేదిక కింద వైరు పట్టుకుని నిలబడ్డ సామ్యూల్ మీద ఆగింది. అతని చేతిలో వైరు జారింది. మైకు కీచుమంది. హాలుకి హాలంతా అటు తిరిగింది. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

శేషమ్మ మెట్లెక్కి మైకు తీసుకుంది. ఊర్మిళ తల దించుకుంది.

"నాకు సీరియల్ హిందీ రాదని ఎవరు సెప్పినారే నీకు?" అంది శేషమ్మ. "పొద్దున్న ఆ తల్లి 'మేరీ బచ్చీ ఉజడ్ గయీ' అని ఏడిస్తే, ఒప్పేసుకున్నాదని సెప్పినావు. నా పిల్ల బతుకు బుగ్గయిపోనాది అన్నాదది. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఆ మాత్రం తెలీదేటి నాకు? ఆ మిల్లు గొడవ మొదటి వారమే తెలుసు. ఆళ్ళని నువ్వు కిరస్తానోళ్ళని సేసినప్పుడే నీ మనసు ఎవరి మీదున్నాదో పోల్చుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నేనెందుకు సెప్పాల? సెప్పాల్సినదానివి నువ్వు. ఈ వారం సెప్తాది, మీద వారం సెప్తాదని కూకున్నాను. ఆ పిల్లడి గురించి ఆసుపత్రిలోనూ, షాపులోనూ వాకబు కూడా సేసినాను. అయినా నీ నోరు పెగల్దే! ఆఖరికి భిలాయి సంబంధమని నేనో కథ అల్లితే గాని కదల్లేదు."

"భిలాయి వాళ్ళు రారా?" ముందు వరసలోంచి జోగయ్య లేచాడు. "మరి నేను బుధవారానికి సెలవెట్టీసినాను కదే!"

"కూకో. పనికొస్తాది," అని శేషమ్మ సామ్యూల్ వైపు తిరిగింది. "ఏం బాబూ, ఆ వైరక్కడ పడేసి మీ అమ్మని ఇప్పుడే పిలుసుకురా. జనం కూకునే ఉన్నారు, హాలు మళ్ళీ దొరకదు."