బొత్తాం పాటకు నేపథ్యం లేదు

ఒక పాట బాగుందా లేదా అన్నది ఇకమీదట ఎవరి సొంత విషయమూ కాదని జీరమ్మ అభిమానుల సమాఖ్య ప్రకటించింది. ఆలస్యమైనా మంచి నిర్ణయం. ఇన్నాళ్లూ జనం ఎవరికి నచ్చిన పాట వాళ్లు, కారణం చూపకుండా, స్నానాల గదుల్లో పాడుకుంటూ వచ్చారు. లోకం ఎలా నిలబడిందో తెలియదు.

జీరమ్మ ఎవరో తెలియనివారు ఇంకా ఎవరైనా ఉంటే వారి కోసం చెబుతున్నాను. ఆమె గాయని. గొంతులో కాస్త జీర ఉంటుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు వాళ్ల ఇంట్లోవాళ్లకు గుర్తుండవచ్చు. ఇప్పటిదాకా పాడినవి అరవై ఒక్క పాటలు. వాటిని ఒకటి నుంచి అరవై ఒకటి దాకా వరస పెట్టడం సమాఖ్య ఏకైక కర్తవ్యం. (పాటలు వినడం కర్తవ్యాల్లో లేదు. వినేవాళ్లు పక్షపాతం చూపిస్తున్నారని తొలగించారు.)

వరస పెట్టడానికి పాట చాలదు. నేపథ్యం కావాలి. నేపథ్యం అంటే ఆ పాట కట్టినప్పుడు జీరమ్మకు జరిగిన చెడు, దాన్ని విన్నప్పుడు అభిమానికి జరిగిన చెడు. రెంటికీ మార్కులున్నాయి. ప్రేమ విఫలమైతే పది. పెళ్లి తప్పిపోతే ఎనిమిది, కార్డులు అచ్చయ్యాక తప్పిపోతే మరో అర. ఉద్యోగం పోతే అయిదు. తనంతట తాను మానేస్తే రెండు, అదీ దయతలచి. తాతగారు పోతే మూడు. (ఆయన ఎలాగూ పెద్దవారు.) వాన పడుతుండగా విన్నానని చాలామంది రాస్తారు. అది నేపథ్యం కాదు, వాతావరణం.

నేను బడిలో లెక్కలు చెబుతాను. మార్కులు వేయడమే నా బతుకు. అయినా తాతగారికి మూడు వేయవచ్చని నాకెప్పుడూ తట్టలేదు.

మొదటి ర్యాంకు 'తలుపు తియ్యకు' అన్న పాటది. ఆ పాట పాడిన రోజు జీరమ్మ ఒక హోటల్లో ఏడ్చింది. ఇందులో ఎవరికీ సందేహం లేదు. మెట్ల మీద ఏడ్చిందా, లిఫ్టులో ఏడ్చిందా అన్నదే తేలలేదు. దీనితో సమాఖ్య మెట్ల వర్గం, లిఫ్టు వర్గం అని రెండుగా చీలింది. నిజం తేల్చడానికి వెళ్లిన బృందం రెండు పూటలా అదే హోటల్లో భోంచేసి, లిఫ్టులో ఏడవడానికి ఏకాంతం ఉందనీ, మెట్ల మీద ఏడవడానికి గాలి ఉందనీ నివేదిక ఇచ్చింది. ఇప్పుడు నేపథ్యాల విభాగం మెట్లవారి చేతిలోనూ, నోటీసుల విభాగం లిఫ్టువారి చేతిలోనూ ఉన్నాయి. ఒకే గదిలో ఎదురుబొదురుగా కూర్చుంటారు. మాటల్లేవు.

కడపటి ర్యాంకు 'బొత్తాం ఊడింది' అన్న పాటది. చొక్కా బొత్తాం ఊడి ఎటో దొర్లిపోతుంది. పాడే మనిషి మంచం కిందా, చెప్పుల్లోనూ వెతికి, చివరికి మిగిలిన బొత్తాలు లెక్కపెట్టుకుంటుంది. "నాలుగు, అయిదు, అయిదు, మూడు" అని లెక్క తప్పుతుంది. అంతే పాట. సమాఖ్య జాబితాలో దాని ఎదురుగా 'నేపథ్యం లేదు' అని ఉంది.

ఒక ఇంటర్వ్యూలో జీరమ్మే ఆ పాట సంగతి చెప్పింది. సాధన చేస్తుంటే తన బొత్తాం నిజంగానే ఊడి డ్రమ్ములాయన టీలో పడిందట. అందరూ పడీపడీ నవ్వి, ఆ నవ్వులోనే పాట కట్టేశారట. సమాఖ్య ఆ వారమే దీన్ని ఖండించింది. కళాకారిణికి తన పాటల గురించి పూర్తి సమాచారం ఉండే అవకాశం లేదని, ఇకపై నోరు విప్పేముందు సమాఖ్యను సంప్రదించాలని కోరింది. జీరమ్మ క్షమాపణ చెప్పుకుంది.

ఈ పాటకు మొదటి ర్యాంకు ఇచ్చిన మనిషి మొత్తం సమాఖ్యలో ఒక్కతే. మా చెల్లెలు.

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములకు అద్దాలు బిగించే పని చేసేది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఏటా సభ్యత్వం కొత్త చేసుకునేటప్పుడు, సమాఖ్య యాప్‌లో తనకు నచ్చిన పాటా, దాని నేపథ్యమూ నింపాలి. ఒక ఆదివారం నేను బట్టలు మడత పెడుతుంటే ఆమె ఫోన్ పట్టుకుని పక్కనే కూర్చుంది.

"అక్కా, ఇందులో అన్ని రకాల ఏడుపులూ ఉన్నాయి. నవ్వు లేదే."

"లేకపోతే మానెయ్."

"'ఇతరములు' ఉందిలే. అందులో తోసేస్తా." టైపు చేస్తూ పైకి చదివింది. "ఈ పాట వింటే మా అక్క నవ్వుతుంది."

"నేనెప్పుడు నవ్వానే?"

"ఇందాకే."

"అది నవ్వు కాదు. లెక్క తప్పిందని చిరాకు."

"చిరాకైతే మొహమంతా వస్తుంది నీకు. నవ్వితేనే మూతి ఒక పక్కకు పోతుంది. కొత్తవాళ్లు చూస్తే, పాపం ఈవిడకేమైందోనని మంచినీళ్లు తెచ్చిస్తారు."

ఆమె ఆ పాట పెట్టినప్పుడల్లా రెండో చరణం దగ్గర నా స్వెట్టరు బొత్తాల మీద వేలు పెట్టి, నాలుగు, అయిదు, అయిదు, మూడు అని లెక్కపెట్టేది. లెక్కల టీచరు ఒంటి మీదే తప్పు లెక్క వేయడం ఆమెకు సరదా.

ఆమె వాక్యానికి సున్నా వచ్చింది. కింద, 'నవ్వు నేపథ్యం కాదు. ఏడ్చిన సందర్భం ఉంటే జతపరచగలరు' అని రాశారు. మరుసటి ఏడాది ఆమె ఒక్క అక్షరం మార్చకుండా అదే వాక్యం పంపింది. మళ్లీ సున్నా. ఆ సున్నాను ఫోటో తీసి ఫోన్ తెర మీద పెట్టుకుంది.

ఈ ఏడాది వానలు మొదలైనప్పుడు ఆమెకు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాను. ఇంటికి తెచ్చుకోలేకపోయాను. (వాన ఇక్కడా వాతావరణమే.)

తరవాత ఆమె ఫోన్‌కు సమాఖ్య నుంచి సందేశం వచ్చింది. సభ్యత్వం గడువు ముగుస్తోందనీ, ఈసారి స్వయంగా వచ్చి కొత్త చేసుకోకపోతే సభ్యురాలు రాసినవన్నీ తుడిచేస్తామనీ సారాంశం. ఆ ఒక్క వాక్యం అక్కడ ఉండాలని నాకు అనిపించింది. ఎందుకో చెబితే అది నేపథ్యం అవుతుంది కాబట్టి చెప్పను. ఆ ఆదివారమే వెళ్లాను.

సమాఖ్య కార్యాలయం ఒక ఇస్త్రీ దుకాణం పైన ఉంది. మెట్లెక్కుతుంటే తడిబట్ట కాలిన వాసన మనతోపాటే పైకి వస్తుంది. (లిఫ్టు కూడా ఉంది. మెట్లవర్గం వాళ్లు దాన్ని పనిచేయనివ్వరు.) నా ముందు వరసలో ఒకావిడ, ఆమె కొడుకూ నిలబడ్డారు.

"నీకెన్ని వచ్చాయిరా?"

"మూడేనమ్మా. తాతయ్యవి."

"మీ నాన్న మనతో మాట్లాడటం మానేశాడు కదా, అది పెట్టు. ఆరు వస్తాయి."

"అది అన్నయ్య పెట్టేసుకున్నాడు. ఇంటికొక్కరే వాడుకోవాలట."

"ముందే చెప్పాలి కదరా! నీకోసం మా అక్కతో కూడా పోట్లాడి ఉందును."

నా వంతు వచ్చింది. నేపథ్యాధికారికి ముప్పై లోపే ఉంటాయి. మామూలు రోజుల్లో బాత్రూం పలకలు అమ్ముతాడట. ఆదివారాలూ సెలవులూ మనుషుల దుఃఖానికి కొలతలు తీస్తాడు.

"సభ్యురాలు రాలేదా మేడమ్?"

"చనిపోయింది. నేను అక్కను. బడిలో టీచర్ని."

అతను తెర మీద ఆమె పేరు తీసి చూశాడు. మొహంలో వెలుగు వచ్చింది. వెనక్కి తిరిగి, "టీచర్‌గారికి కుర్చీ వెయ్యండి" అని కేకేశాడు. అప్పటిదాకా ఆ గదిలో కుర్చీ ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

"సొంత చెల్లెలేనాండీ?"

"అవును."

"కలిసే ఉండేవారా?"

"అవును."

"ఇంకెవరూ లేరా ఇంట్లో?"

"లేరు."

"అబ్బ!" అన్నాడు. అతను అన్నది బాధతో కాదు, గిరాకీ చూసి. "ఏమీ అనుకోకండి టీచర్‌గారూ. మీకిది కష్టకాలమే. కానీ పాటకు మంచికాలం వచ్చింది. ఇన్నాళ్లూ దీనికి నేపథ్యమే లేదు, ఇప్పుడు బంగారంలాంటి నేపథ్యం దొరికింది. ఒక్క మాట మార్చండి చాలు. 'మా అక్క నవ్వుతుంది' అన్నచోట 'మా అక్క ఏడుస్తుంది' అని పెడదాం. తొమ్మిదిన్నరకు తగ్గదు."

"ఆమె రాసింది నవ్వుతుందని."

"రాసినప్పుడు ఆవిడ ఉన్నారు కదండీ. పరిస్థితి మారింది."

"ర్యాంకు వద్దు బాబూ. ఆ వాక్యం ఉన్నది ఉన్నట్టు ఉంచండి. అంతకోసమే వచ్చాను."

అతను నొచ్చుకున్నాడు. ఖరీదైన పలక చూపిస్తే వద్దని, పగిలిన పలక అడిగిన మనిషిని చూసినట్టు చూశాడు.

"ఊరికే ఉంచడం కుదరదండి. చనిపోయిన సభ్యుల వాక్యం నిజమేనని బతికున్నవాళ్లు రుజువు చేయాలి. నిబంధన ఉంది. పాట పెడతాం. ఇద్దరు సాక్షుల ముందు మీరు నవ్వాలి."

"ఇప్పుడా?"

"భోజనాల వేళలోపు."

"నవ్వకపోతే?"

"తప్పుడు సమాచారం కింద కొట్టేస్తాం."

సాక్షులుగా వరసలో ఉన్న ఆవిడను, కింది నుంచి ఇస్త్రీ ఆయనను పిలిచారు. ఇస్త్రీ ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బేగి కానివ్వండి సార్, కింద పెట్టె కాలుతోంది" అన్నాడు. పాట పెట్టారు.

మొదటి చరణంలో బొత్తాం ఊడింది. మంచం కిందికి దొర్లింది. నాకు నవ్వు రాలేదు. అందరూ నా మూతి వైపే చూస్తున్నారు. పరీక్ష హాల్లో నేను పిల్లల్ని అలా చూసినందుకు వాళ్లలో ఒక్కరు కూడా నన్ను తిట్టకపోవడం గొప్ప విషయం. ఆవిడ నా పక్కకు వంగి, "నవ్వేయండమ్మా, మాకూ ఆలస్యమవుతోంది" అని గుసగుసగా అంది.

రెండో చరణం వచ్చింది. నాలుగు, అయిదు. నా వేలు దానంతటదే స్వెట్టరు మీదికి పోయింది. అయిదు, మూడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోవడానికి వీల్లేనంత వచ్చింది. పాట అయిపోయాక కూడా కాసేపు నవ్వాను.

నేపథ్యాధికారి లేచి, తనే వెళ్లి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు.

"నవ్వాను" అన్నాను.

"మీరేమీ చెప్పక్కర్లేదు టీచర్‌గారూ. మేం చూశాం."

"నేను నవ్వానండీ."

"ఊరుకోమ్మా, ఊరుకో" అని ఆవిడ నా భుజం తట్టి, కొడుకు వైపు తిరిగింది. "చూశావా? ఏడుపంటే అలా ఉండాలి. నువ్వూ ఉన్నావు."

ఇస్త్రీ ఆయన తల గోక్కున్నాడు. "నాకు నవ్వినట్టే అనిపించింది సార్."

"నీ పెట్టె కాలుతోందన్నావు కదయ్యా?" అన్నాడు నేపథ్యాధికారి.

ఇస్త్రీ ఆయన చూపించినచోట సంతకం పెట్టి కిందికి పరుగెత్తాడు.

ఆ సాయంత్రమే 'బొత్తాం ఊడింది' అరవై ఒకటో ర్యాంకు నుంచి మూడో ర్యాంకుకు ఎక్కింది. (మొదటి రెండూ మెట్ల గొడవ తేలేదాకా కదలవు.) నేను ఫోన్ చేసి చెప్పాను, ఉత్తరం రాశాను. దుఃఖంలో ఉన్నవారి అభ్యంతరాలు లెక్కలోకి రావని జవాబు వచ్చింది. నేపథ్యం కింద 'సభ్యురాలి మరణం. అక్క రోదన, ఇద్దరు సాక్షుల సమక్షంలో' అని నమోదైంది.

అప్పటినుంచి ఆ పాటకు మంచి రోజులే. అభిమానులు చొక్కాకు ఒక బొత్తాం కావాలని తెంపుకుని తిరుగుతున్నారు. తెంపిన బొత్తాలు సమాఖ్యలోనే అమ్ముతారు. జీరమ్మ కూడా సభల్లో ఆ పాటను బాగా నెమ్మదిగా, కళ్లు మూసుకుని పాడుతోంది. లెక్క తప్పడం విషాదానికి తగదని సమాఖ్య సూచించిందట. ఇప్పుడు నాలుగు, అయిదు, ఆరు, ఏడు అని సరిగ్గా లెక్కపెడుతోంది. లెక్కల టీచరుగా నేను దీనికి సంతోషించాలి.

పోయిన వారం ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఈ పాటను నవ్వుతో ముడిపెట్టేవారు మృతురాలి జ్ఞాపకాన్ని అవమానించినట్టేనని, అలాంటివారి పాత వాక్యాలు వెతికి చర్య తీసుకుంటామని అందులో ఉంది. వెతికితే అలాంటి వాక్యం ఒక్కటే దొరికింది. ఆ వాక్యం రాసిన మనిషి చనిపోయిందన్న సంగతి నేపథ్యాల బల్ల మీద ఉంది. నోటీసుల బల్ల దానికి ఎదురుగానే ఉంటుంది గానీ, మాటల్లేవు కదా.

నోటీసు మా చెల్లెలి పేరునే వచ్చింది. అక్కను ఎందుకు నవ్వించిందో స్వయంగా హాజరై చెప్పుకోవాలట.