ఒక్క కీబోర్డే ముద్దు, రెండోది వద్దు!

రాక్ బ్యాండులో కీబోర్డు వాయించేవాడికి ఒక్కటంటే ఒక్క కీబోర్డే ఉండాలి. రెండోది తెచ్చినవాణ్ణి పట్టుకుని జైల్లో వెయ్యాలి!

నవ్వకండి. నా పేరు కీత్. పేరులోనే కీ పెట్టుకుని పుట్టినవాణ్ణి. ఈ విషయంలో నా మాటకి ఆపాటి విలువ ఉండాలా వద్దా?

మాది ఆస్ట్రేలియాలోని వొలంగాంగ్‌లో కవర్ బ్యాండు. అంటే ఇంకొకళ్ళు కట్టిన పాటలు మేం వాయిస్తాం, మేం చేసిన తప్పులు మేమే కవర్ చేసుకుంటాం. శుక్రవారం సాయంత్రాలు, పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో కచేరీ. వేదికంటే ఏమిటనుకున్నారు? జూదం మెషీన్లకీ, టికెట్ తగిలినవాళ్ళకి మాంసం తట్ట ఇచ్చే మాంసం లాటరీ బల్లకీ మధ్య ఓ తివాచీ ముక్క. అందులో డ్రమ్ములు, మా గిటారువాడు గ్లెన్ గిటారు, గ్లెన్ ఆంప్లిఫయరు, గ్లెన్ పొట్ట పోగా మిగిలిన జానెడు చోటు నాది.

మొదట్లో నాకు మూడు కీబోర్డులుండేవి. పియానోకొకటి, ఆర్గన్‌కొకటి, తక్కిన ఈలలకీ ఊళలకీ ఒకటి. మా గాయని నొరీన్ ఓ రోజు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"బాబూ కీత్, నీ సామాను సర్దేసరికి నా లిప్‌స్టిక్ ఎండిపోతోంది. ఒక్కటి తెచ్చుకో చాలు. ఆ ఒక్కటీ వినపడాలి. ఇన్నాళ్ళుగా నువ్వేం వాయిస్తున్నావో ఈ క్లబ్బులో ఒక్కడికీ తెలీదు. ఇకమీదటా తెలీకపోతే ఏమీ అనుకోకు, శాక్సోఫోన్ వాయించే కుర్రాడొకడు ఖాళీగా ఉన్నాడు."

చూశారా, ఎంత వరం! మూడింటి బరువు దిగిపోయింది. ఏ ఒక్కటి కొనాలన్న బరువు మాత్రమే మిగిలింది.

ఎనభై ఎనిమిది మీటలది పట్టుకొచ్చాను. పియానోకి బంగారం! కానీ కారులోంచి దింపేటప్పుడు నా వెన్నెముకలో పూస పూసా ఒక్కో స్వరం పలికింది. అరవై ఒకటిది దూదిపింజ. అయితే ఓ పాటలో ఎడమచెయ్యి కిందికి పోతూ పోతూ ఉండగా మీటలు అయిపోయి, గ్లెన్ పొట్టని మీటాను. ఇంకోదాంట్లో రెండువేల శబ్దాలు. వాన, హెలికాప్టరు, 'దేవదూతల నిట్టూర్పు' అన్నీ ఉన్నాయి. వాటిలో ఆర్గన్ ఎక్కడుందో దొరికేసరికి పాట అయిపోయి జనం చప్పట్లు కొడుతున్నారు. ఈ శబ్దాల పెట్టెకి సింథ్ అని పేరు పెట్టినవాడికి తెలుగు వచ్చుంటే చింత అనే పెట్టేవాడు!

"నన్ను ఎంచుకోవడానికి నీకెంతసేపు పట్టింది?" అంది మా ఆవిడ లియోనీ, నేను భోజనం దగ్గర కేటలాగు తిరగేస్తుంటే.

"ఒక్క డాన్సు!"

"అంతేలే. నన్ను కారులోంచి దింపే పని లేదుగా."

చివరికి డెబ్బైమూడు మీటలదాన్ని, ఆ రెండువేల శబ్దాలతో సహా, తెచ్చుకున్నాను. ఒకే కీబోర్డు వల్ల ఇంకో లాభం కూడా ఉందండోయ్. తప్పు ఏ కీబోర్డులో దొర్లిందో వెతుక్కోనక్కర్లేదు!

ఆ శుక్రవారం మొదటి సగమంతా ప్రాణం పెట్టి వాయించాను. విన్నవాడెవడు? నాకే వినపడలేదు! దాని దీపాలు మిణుకుమంటున్నాయి కాబట్టి మోగుతోందనుకున్నాను. నొరీన్ నావైపు తిరిగి, చెవి చూపించి, తల అడ్డంగా ఊపింది. వాల్యూమ్ చివరికంటా తిప్పేశాను. ఆ కంగారులో వేలు తగిలి శబ్దం కూడా ఏదో మారింది.

అంతలో గంట మోగింది. మాంసం లాటరీ! మా ఊళ్ళో గంట మోగితే ఎంతటి పాటైనా చరణం మధ్యలో ఆగాల్సిందే. గ్లెన్ గిటారుని ఆపగల శక్తి ఈ దేశంలో ఆ లాటరీకి ఒక్కదానికే ఉంది. నేను గొంతు తడుపుకుందామని బార్ దగ్గరికి నడిచాను.

ఉన్నట్టుండి హాలంతా ఆకాశం తెరుచుకున్నట్టు ఓ నాదం! జూదం మెషీన్ల ముందున్న వాళ్ళంతా వెనక్కి తిరిగారు. ఓ పెద్దాయన టోపీ తీసి గుండెకి హత్తుకున్నాడు.

"కీత్! ఇంత కళ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా?" కళ్ళు మూసుకునే అంది నొరీన్.

"ఏంట్రా, నీది మోగుతుందా?" అన్నాడు గ్లెన్.

నేను రెండు చేతుల్లో రెండు బీర్లతో బార్ దగ్గర నిలబడి ఉన్నాను.

లాటరీ తీసే బెరిల్ మామ్మ మైకు అందుకుంది. "అందరూ క్షమించాలి. వాయించింది కీత్ కాదు, గొర్రె చాప్స్. బల్లమీద చోటు లేక పక్కనున్న ఆ నల్లటి బల్ల మీద తట్ట పెట్టాను. అది బల్ల కాదట. సరే, నీలం టికెట్ నలభై రెండు ఎవరిదర్రా?"

మీటల మీద మీట్! దేవదూతలు నిట్టూర్చింది అందుకు.

నొరీన్ తట్టని చూసింది, నన్ను చూసింది. తిన్నగా వెళ్ళి గ్లెన్ ఆంప్లిఫయర్ని బాగా తగ్గించింది. "ఇప్పుడు వాయించు" అంది.

వాయించాను. మొట్టమొదటిసారిగా నా సంగీతం క్లబ్బంతా విన్నది. నేనూ విన్నాను.

పాట సగంలోనే నొరీన్ మళ్ళీ వెళ్ళి గ్లెన్‌ది పూర్తిగా పెంచేసింది. తర్వాత నా భుజం తట్టి, "శాక్సోఫోన్ కుర్రాడు వద్దులే కీత్, వాడు గ్లెన్ గిటారు హోరులో కూడా వినపడతాడు" అంది.

నా స్థానం పదిలం. కాబట్టి ఏ కీబోర్డు కొనాలని నన్నడక్కండి, ఏదైనా ఒకటే. గిటారువాణ్ణి మాత్రం చూసి ఎంచుకోండి. మా కవర్ బ్యాండులో అసలు కవరు వాడే!