సున్నాకు పట్టిన పురోగతి

చైనాలోని హెఫెయ్ నగరంలో ఉన్న మా కాంతి పరిశోధన సంస్థ ఈ ఏడాది నూటికి నూరు శాతం పురోగతి సాధించిందని, మూల్యాంకన విభాగం కార్యదర్శిగా సగర్వంగా తెలియజేస్తున్నాను.

ఈ ఘనతకు కారకురాలు రువాన్ మింగ్‌హ్వీ మేడం. ఆవిడ పని బహు చిన్నది. కంటికి ఆనని క్వాంటమ్ డాట్ అనే చుక్కను గడ్డకట్టే చలిలో పెట్టి లేజర్‌తో పొడుస్తుంది. పొడిచినప్పుడల్లా అది ఒకే ఒక్క ఫోటాన్‌ని, అంటే వెలుగు రేణువుని, వదలాలి. రహస్య సమాచారం దానిమీద పంపుతారు. ఒక్కటే వెళితే దొంగ చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది. రెండు వెళితే వాడు ఒకటి నొక్కేస్తాడు, మనకి తెలియదు. అలా జంటగా పోవడాన్ని కొలిచే అంకె ఒకటుంది. అది సున్నాకి ఎంత దగ్గరైతే అంత గొప్ప.

ఈ సంగతి మా మూల్యాంకన పట్టికకు తెలియదు. పోయినేడు మేడం అంకె 0.02 నుంచి 0.01కి దిగింది. కంప్యూటరు ‘యాభై శాతం పతనం’ అని గడికి ఆకుపచ్చ పూసింది. మా దగ్గర ఎరుపంటే ఎదుగుదల, ఆకుపచ్చంటే పతనం. మేడం ఆరేళ్ల ఒప్పందం అప్పుడే ముగుస్తోంది; చివర్లో ఆకుపచ్చ పడితే ఉద్యోగం ఊడుతుంది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి, కూతురు సంస్థ బడి మానెయ్యాలి.

మేడం డైరెక్టర్ చియావ్ గారి గదికి పరుగెత్తింది.

“సార్, తగ్గడమే గొప్పండీ! ఇంత తక్కువ లోకంలో ఇద్దరో ముగ్గురో తెచ్చారు!”

డైరెక్టరుగారు ఫ్లాస్కు మూత తిప్పి, పైకి తేలిన టీ ఆకులు ఊదుకుంటూ ఉపన్యసించారు. “మన దేశం సున్నా నుంచి పైకొచ్చింది రువాన్ మేడం. సున్నా వైపు నడిచేవాళ్లని నేనెలా సమర్థించేది? పైవాళ్లకి ఎరుపు కావాలమ్మా. అంత చదువుకున్నారు, ఒకటి తేలేరూ?”

“ఒకటంటే ఉత్త లేజర్ సార్! చుక్క తీసేస్తే అదే వస్తుంది.”

“మరింకేం? తీసెయ్యండి!”

మేడం నా బల్ల ముందు కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. టిష్యూల పెట్టె ఆవిడ వైపు జరిపాను. మర్నాడు చుక్క తీసేసింది. తొమ్మిది వేల తొమ్మిది వందల శాతం పురోగతి! గడి ఎర్రగా పండింది, ఉద్యోగం శాశ్వతమైంది.

సహజంగానే మరుసటి ఏటి లక్ష్యం రెండు. ఫిలమెంటు బల్బు వెలుగుది సరిగ్గా రెండేనని శాస్త్రమే చెబుతోంది కనుక ఈ ఏడాది లేజర్ కూడా తీసేసి, ఎర్ర బ్యానరు కింద బల్బు వెలిగించాం. “ఇన్నాళ్లకి మన వెలుగు కంటికి కనబడింది!” అంటూ డైరెక్టరుగారు కళ్లు తుడుచుకున్నారు.

మేడంని మూల్యాంకన సంఘంలో వేశారు. మొన్న తొలి సమావేశం. ఫెయ్ అనే పరిశోధకుడి కాగితం వచ్చింది. పోయినేడు 0.005, ఇప్పుడు 0.003. అతనికీ ఆరో ఏడాదే, ఇద్దరు పిల్లలు. ఆ అంకె విలువ తెలిసింది గదిలో ఆవిడ ఒక్కదానికే. కాగితం చాలాసేపు పట్టుకు కూర్చుంది.

“కానివ్వండి మేడం, క్యాంటీన్లో బాతు సూపు చల్లారిపోతోంది” అన్నారు డైరెక్టరుగారు.

ఆవిడ ‘పురోగతి లేదు’ అన్నచోట సంతకం పెట్టి లేచింది.

మీరైతే పెట్టేవారు కాదులెండి. మీకింకా ఏ సంఘంలోనూ కుర్చీ వెయ్యలేదు కదా.