రెండు కుందేళ్ల ఉపవాసం

బుధవారం పొద్దున జీవానందం పెట్టుకున్న పని చిన్నది. గుప్పెడు వేరుశనగ చెక్క తీసుకెళ్లి క్రీస్తురాజు కుందేలుకు పెట్టడం, ఎవరి కంటా పడకుండా ఇంటికొచ్చి కాఫీ తాగడం.

అది అరవై మూడో సంవత్సరం. కోట ఊరి దగ్గరి మిషన్ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్లు ఇద్దరు, వాళ్లకు చెరొక కుందేలు. మనిషి కండరాల్లో ఉండే మయోసిన్ అనే ప్రోటీన్‌ను రెండు నెలలుగా వాటికి సూదితో ఎక్కిస్తున్నారు. దాన్ని పట్టుకునే యాంటీబాడీలు కుందేలు రక్తంలో తయారవుతాయి. ఆ రక్తం నుంచి తీసిన సీరం అనే తేట ద్రవం మీద కండరాల రసం పోస్తే, సన్నని గాజు గొట్టంలో తెల్లటి వలయం కడుతుంది. ఎవరి వలయం బాగుంటే వాళ్లను డాక్టర్ సమాధానం గారు ఆర్నెల్ల శిక్షణకు మద్రాసు పంపుతారు. ఉన్నది ఒక్కటే సీటు. ఎనిమిదేళ్ల సర్వీసున్న జీవానందం దాన్ని నమ్ముకుని కొత్త ట్రంకుపెట్టె కూడా కొన్నాడు. అలాంటిది, నిన్నగాక మొన్న చేరిన క్రీస్తురాజు కుందేలే బాగుందని డాక్టరు గారు ఒక మాట అన్నారు. ఆ రోజు నుంచి జీవానందానికి కడుపుమంటతో అన్నం సయించడం లేదు.

ఆ బుధవారమే రక్తం తీయాలి. తీసే ముందు కుందేలు ఉపవాసం ఉండాలి. చెక్కలాంటి నూనె సరుకు తింటే సీరం పాలలా తెల్లబడుతుంది. పాలలో తెల్ల వలయం ఎవరికి కనిపిస్తుంది? చెక్క పెట్టి వచ్చిన జీవానందం, చాలా రోజుల తర్వాత ఇడ్లీ బాగుందని భార్యతో అన్నాడు.

తొమ్మిదింటికి కుందేళ్లను చూసుకునే రెబెక్కమ్మ ఎదురొచ్చింది.

"అయ్యా, పొద్దున మీరు చెక్క పెట్టింది చూసినాను. ఆ కుందేలు వాసన చూసి మొహం తిప్పుకొనింది. మీది పక్క బోనులోంచి గుటకలు మింగతా ఉండాది. ఒకరికి పెట్టి ఇంకొకరిని చూస్తా ఉండమంటే దిష్టి తగలదా? అంతా దానికే పెట్టేసినాను."

"తిన్నదా?"

"ఇంకా ఉందేమోనని నా చెయ్యి కూడా నాకింది."

పొరుగింటి పుల్లకూర కుందేళ్లకూ రుచే. జీవానందం డాక్టరు గారి గదికి పరుగెత్తాడు.

"సార్, నా కుందేలుకు ఒంట్లో బాగలేదు. రక్తం వచ్చే వారం తీద్దాం సార్."

"అయ్యో, చచ్చిపోతే రెండు నెలల కష్టం పోతుంది. ముందు దానికే తియ్యి, ఇప్పుడే."

తన చేత్తోనే తీయక తప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి క్రీస్తురాజు గొట్టంలో వలయం చక్కగా నిలిచింది. జీవానందం గొట్టంలో పాలు.

"దీనికి తిండి పెట్టిందెవరు?" అన్నారు డాక్టరు గారు.

రెబెక్కమ్మ ముందుకొచ్చింది. "తప్పు నాదే సార్. అవి పస్తుంటే చూడలేక జీవానందమయ్య చెక్క తెచ్చినాడు. తన దాన్ని మాడబెట్టి, ముందు క్రీస్తురాజయ్య కుందేలుకే పెట్టినాడు. అది తినకపోతే నేనే దీనికి పెట్టేసినాను. అంత మంచి మనసు ఎవరికొస్తాది?"

డాక్టరు గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని జీవానందం వైపు చూశారు. "నిజమే, ఎవరికీ రాదు."

క్రీస్తురాజుకు కళ్లు చెమర్చాయి. "అన్నా, నేను తిరిగొచ్చేదాకా నా కుందేలును నీ చేతుల్లోనే పెట్టి పోతాను. ఇంకెవర్నీ నమ్మను."

జీవానందం తలూపాడు. అసూయ కనపడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. అది కూడా మంచి మనసేనని క్రీస్తురాజు అనుకున్నాడు.

ఆదివారం నాయుడుపేటలో క్రీస్తురాజు మద్రాసు రైలెక్కాడు. తను కొన్న కొత్త ట్రంకుపెట్టెను లోపలికి అందించింది జీవానందమే.