ఓంకార్‌కో ప్రతినిధి

సోమవారం పొద్దున ఓంకార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్తూ కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు భాగీరథమ్మ తలుపు కింద ఒక కాగితం తోయాలి. సాయంత్రం ఆమె సంతకంతో దాన్ని తిరిగి తీసుకోవాలి. బెంగళూరు హూడిలో ఆ మేడ మీద నాలుగేళ్ళుగా ఉంటున్నాడు గానీ, ఆమెతో మాట్లాడిందల్లా నీళ్ళ మోటారు గురించే.

ఆ కాగితం వెనక ఒక చట్టం ఉంది. మానసిక ఆరోగ్య చట్టం మారాక, ఎప్పుడైనా మనసు మన మాట వినకపోతే మన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే తెల్ల కాగితం మీద రాసిపెట్టుకునే హక్కు అందరికీ వచ్చింది. ఆ మనిషి ఒప్పుకుంటూ సంతకం చేయాలి. చట్టం రాసుకోవచ్చని చెప్పి ఊరుకుంది. ఓంకార్ కంపెనీలో హెచ్.ఆర్. చూసే చాందిని మాత్రం శుక్రవారంలోగా రాసి తీరాలంది.

"నాకెవరూ లేరండీ," అన్నాడు ఓంకార్ ఫోన్లో.

"నో ఇష్యూ సార్. ఎవరూ లేకపోతే మెంటల్ హెల్త్ బోర్డు వాళ్ళు సోషల్ వెల్ఫేర్ డైరెక్టర్‌ని అపాయింట్ చేస్తారు. లా చాలా పక్కాగా ఉంది," అంది చాందిని సంతోషంగా.

ఆదివారమంతా ఓంకార్ ఫోన్లో పేర్లు వెతికాడు. అమ్మా నాన్నా పోయారు. పెళ్ళి మూడేళ్ళకే ముగిసింది. మిగిలినవాళ్ళు గ్యాసు, ప్లంబరు, క్యాబ్ హరి, 'ఎత్తొద్దు' ఒకటి, 'ఎత్తొద్దు' రెండు. ముప్పై తొమ్మిదేళ్ళలో సంపాదించుకున్న మనుషులు వీళ్ళేనా అని నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది భాగీరథమ్మ. పోయిన వానాకాలం మేడ మీద తడుస్తున్న అతని బట్టలు అడక్కుండానే తీసి మడతపెట్టింది.

ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా అని కాగితం తెలుగులో రాశాడు. బెంగళూరులో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళలో చాలామంది మాట్లాడేది తెలుగు, చదివేది కన్నడం అని అతనికి తెలియదు. రెండు లిపులూ దగ్గరివే కాబట్టి, పెద్ద అక్షరాలతో ఉన్న మొదటి వాక్యాన్ని ఆమె కూడబలుక్కుని చదివింది. 'భాగీరథమ్మ గారిని ప్రతినిధిగా నామినేట్ చేస్తున్నాను.' కింద చిన్న అక్షరాలతో ఉన్నది చదివే ఓపిక లేక వదిలేసింది.

సాయంత్రం ఓంకార్ వచ్చేసరికి ఆమె గుమ్మం ముందు పది జతల చెప్పులు కనిపించాయి. వార్డు ఎన్నికల కోసం ఏళ్ళుగా కాచుక్కూర్చున్న ఆమె తమ్ముడు కృష్ణప్ప హాల్లో తిష్ఠ వేశాడు.

"రాప్పా ఓంకారూ," అంది భాగీరథమ్మ. "నాలుగేండ్లు నోరు తెరవకుండా ఉండి, నన్ను ఎలక్షన్‌కు నిలబెట్టాలని అనుకొనిండావా?"

"మేడల మీద బాడుగకుండేవాళ్ళ ఓట్లన్నీ ఈయప్ప చేతిలోనే ఉండాయక్కా," అన్నాడు కృష్ణప్ప.

నిజం చెప్పడానికి ఓంకార్ నోరు తెరిచాడు. ఎవరో అందులో మైసూరుపాకు పెట్టారు. అది నమిలి మింగేలోగా ఇంకెవరో "భోంచేసినావా?" అని అడిగారు. ఆ ప్రశ్న అతన్ని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. నిజం రేపు చెప్దాంలే అనుకున్నాడు.

మంగళవారం పోస్టర్లు వచ్చాయి. బుధవారం, పక్క వీధి పెద్దమునియప్ప పోటీగా తన భార్య పేరు ప్రకటించాడు. దానికి జవాబుగా కృష్ణప్ప గురువారం సాయంత్రం వీధిలో సభ పెట్టించాడు. ఓంకార్ గదికి మనుషుల రాకపోకలు పెరగడంతో అతను కొత్తగా డజను కప్పులు కొన్నాడు. చెప్పేద్దామనుకున్న ప్రతిసారీ కింది నుంచి ఎవరో "ఓంకారన్నా" అని పిలిచేవారు. అతను అబద్ధమైతే ఆడలేదు.

సభలో అరవై కుర్చీలు నిండాయి. కృష్ణప్ప మైకు తెచ్చి ఓంకార్ చేతికిచ్చి, కాగితం చదవమన్నాడు. మొదటి వాక్యానికే చప్పట్లు మోగాయి. అక్కడితో ఆపేయవచ్చు. కానీ సంతకం పెట్టడానికి భాగీరథమ్మ అప్పటికే పెన్ను మూత తీసి కూర్చుంది. దేనికి పెడుతోందో తెలియకుండా ఆమె చేత పెట్టించుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

"నాకు మానసిక అనారోగ్యం వచ్చి, నా వైద్యం గురించి నేనే నిర్ణయించుకోలేని రోజున, నా తరఫున నిర్ణయించే అధికారం ఈమెకు ఇస్తున్నాను," అని చదివాడు.

"మెంటల్ కాగితమా?" అన్నారెవరో. అంతే, కుర్చీలు ఖాళీ అవడం మొదలైంది. అందరికంటే ముందు లేచింది కృష్ణప్ప.

"ఈయప్ప చేత రూము ఖాళీ చేపించక్కా," అని వెళ్ళిపోయాడు.

షామియానా వాళ్ళు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చసాగారు. భాగీరథమ్మ మాత్రం కదల్లేదు.

"సారీ ఆంటీ. ముందే చెప్పాల్సింది. నలుగురూ వస్తుంటే చెప్పబుద్ధి కాలేదు," అన్నాడు ఓంకార్.

"నాకూ అట్లే ఉండెనప్పా. మా ఆయన పోయినాక నన్ను ఎవురూ ఏదీ అడగలేదు. ఈ మూడు దినాలే," అందామె. అతని చేతిలోంచి కాగితం తీసుకుని, "నాకు ఇంగ్లీషు రాదు. డాక్టర్లతో మాట్లాడేకీ రాదు. ఇంకెవురైనా ఉంటే వాళ్ళని పెట్టుకో. నేను పోటీకి రాను," అంది.

"ఇంకెవరూ లేరు ఆంటీ."

ఆమె కాగితం ఒళ్ళో పెట్టుకుని, కన్నడంలో నిదానంగా సంతకం చేసింది.

పోటీలో మరెవరూ లేనందున భాగీరథమ్మ ఏకగ్రీవంగా ఎన్నికైంది.