నాలుగు చిల్లులు తక్కువైన కారు

లెక్కల మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకంలో తప్పేమీ లేదు. పాత కారు నేలను తుప్పు తినేసిన చోటల్లా వెల్డరు కొత్త రేకు అతుకులు వేసి వెళ్లాడు. ఇక అతుకుల అంచులు సీలెంటుతో మూసి, ఆరాక కింద నల్ల పూత పూస్తే తుప్పు మళ్లీ దరి చేరదు. మర్నాడు పదకొండింటికి రవాణా ఆఫీసులో తనిఖీ.

పోయినసారి తనిఖీలో ఇన్‌స్పెక్టరు నేలను పెన్నుతో పొడిస్తే, పెన్ను వెళ్లి రోడ్డు మీద పడింది. ఆ రోజే భార్య తీర్పు చెప్పేసింది.

"ఈసారి కూడా తప్పిందంటే తుక్కుకే. నేనే ఫోన్ చేస్తాను."

పుట్టిన మూడో రోజున కూతుర్ని ఒళ్లో పెట్టుకుని భార్య ఇంటికొచ్చింది ఆ కారులోనే. అలాంటి బండిని తుక్కువాడి కొక్కేనికి తగిలించడమా? మాస్టారు చాప పరుచుకుని కారు కిందకు దూరారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మాస్టారు. ప్రతి అతుకునూ వేలితో తడిమి మరీ సీలెంటు దట్టించారు. అప్పుడు కనిపించాయి, తుప్పే లేని చోట, అచ్చు గుద్దినట్టు గుండ్రంగా నాలుగు చిల్లులు.

"చూశావా కంపెనీవాళ్ల నిర్లక్ష్యం! కొత్త బండికే చిల్లులు వదిలేశారు!" అని కిందనుంచే కేకేశారు.

"మిమ్మల్ని అడక్కుండా తయారుచేసుంటారు, పాపం," అంది భార్య వంటింట్లోంచి.

ఒక్కోదానికీ ఒక్కో రేకు బిళ్ల అంటించి, సీలెంటు మెత్తి, పైన రెండుసార్లు నల్ల పూత పూశారు. సాయంత్రానికి కారు అడుగూ, మాస్టారి ముక్కూ ఒకే రంగుకొచ్చాయి.

మర్నాడు ఉదయం "బండి కాస్త కడిగి ఉంచవోయ్" అని బావమరిదికి చెప్పి స్నానానికి వెళ్లారు. ఆ ఇంట్లో కారు లోపల కడగడానికి పన్నెండేళ్లుగా ఒకటే పద్ధతి. పైపు లోపల పడేసి, కుళాయి తిప్పి, కాఫీకి వెళ్లిపోవడమే. మట్టీ నీళ్లూ వాటి దారి అవే చూసుకునేవి. బావమరిది అలాగే చేశాడు. కింద చుక్కయినా పడకపోవడం చూసి, కుళాయిలో జోరు లేదనుకున్నాడు. పూర్తిగా తిప్పేసి రెండో కాఫీ కూడా తాగాడు. తిరిగొచ్చేసరికి కాళ్లపట్టాలు తేలుతున్నాయి. గుట్టుచప్పుడు కాకుండా పైపు తీసి దాచేశాడు.

తర్వాత వచ్చి చూసిన భార్య, అతుకులు ఊడి, బయట కడిగిన నీళ్లే లోపలికొచ్చాయనుకుంది. వెంటనే తుక్కువాడికి ఫోన్ చేసింది. "పదకొండింటికి ఆఫీసు గేటు దగ్గరుండు బాబూ."

స్నానం చేసొచ్చిన మాస్టారు కారులో చీలమండల దాకా దిగారు. టైము పదిన్నర. నీళ్లెలా వచ్చాయని అడిగే తీరిక లేదు.

"కింద చిన్న చిల్లు పెట్టనా బావా?"

"చిల్లా! నేను పూడ్చినదానికా! ఎక్కు, మగ్గుతో తోడు!"

బండి కదిలింది. వెనక సీట్లో భార్య కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. ముందు బావమరిది కిటికీలోంచి తోడిపోస్తూనే ఉన్నాడు. వెనకొస్తున్న స్కూటరాయన ఎండలో వానేమిటనుకుంటూ ఆగి, వానకోటు తొడుక్కున్నాడు. నిండుకుండ తొణకదంటారు గానీ ఇది సగానికొచ్చిన కుండ. బ్రేకు తొక్కినప్పుడల్లా మాస్టారి మోకాళ్ల మీదికి అల వచ్చింది.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు తలుపు తీయగానే మిగిలిన అల ఆయన బూట్లలోకి దిగింది. ఆయన కోప్పడలేదు. వంగి కారు కిందకు చూశాడు. చాలాసేపు చూశాడు.

"లోపల ఇన్ని నీళ్లుంటే కింద ఒక్క చుక్క లేదే!"

"ఉండదు," అన్నారు మాస్టారు, తడిసిన ప్యాంటుతో, గర్వంగా.

"ఒరేయ్, అయితే నీళ్లెక్కణ్ణుంచి వచ్చాయిరా?" అంది భార్య తమ్ముడి వైపు తిరిగి.

"కుళాయిలోంచి అక్కా."

"ఇంత శుభ్రంగా మెకానిక్కులు కూడా చెయ్యరు మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కానీ నీళ్లు పోవడానికి కంపెనీవాళ్లు నాలుగు చిల్లులిస్తారు. అవేవీ? అవి లేకపోతే నీళ్లు నిలిచి నేల మళ్లీ తుప్పు పట్టిపోతుంది. పాస్ చెయ్యలేను."

చిల్లులున్నాయని పోయినసారి తిప్పి పంపిన ఆఫీసే, చిల్లులు లేవని ఈసారి తిప్పి పంపుతోంది. గేటు దగ్గర తుక్కువాడు లారీ స్టార్ట్ చేశాడు. మాస్టారు డిక్కీలోంచి స్క్రూడ్రైవరూ, సుత్తీ తీసుకున్నారు. అంత ప్రేమగా పూడ్చినదాన్ని పొడవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

భార్య ఆయన ముఖం చూసింది. కారు దిగింది.

"ఇలా ఇవ్వండి. ఈ బండికి చిల్లు పెట్టాలని నాకు ఎన్నేళ్లుగానో ఉంది." గేటు వైపు తిరిగి, "నువ్వెళ్లు బాబూ, దీనికింకా ఆయుష్షుంది!" అని అరిచింది.

నీళ్లల్లో వేళ్లతో వెతికి, స్క్రూడ్రైవరు ఆనించి, సుత్తితో నాలుగు వేసింది. కింద నాలుగు ధారలు కట్టాయి. గీసుకుపోయిన అంచులకు తుప్పు పట్టకుండా ప్రైమరు రాసే పని మాత్రం మాస్టారు ఎవరికీ ఇవ్వలేదు.

మధ్యాహ్నం చేతికొచ్చిన ధ్రువపత్రంలో, నేల పరిస్థితి అన్న గడిలో ఇన్‌స్పెక్టరు ఇలా రాశాడు: "తగినన్ని చిల్లులు కలవు."