వణుకులో ఫస్ట్ ర్యాంక్

మాదాపూర్‌లో పేరున్న ఒక కంపెనీ, ఆందోళన జబ్బుతో పనిచేస్తున్న తన ఉద్యోగులను వికలాంగులుగా గుర్తించి ప్రత్యేక సౌకర్యం కల్పించాలని నిర్ణయించింది. ఈ సంగతి పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఆ సౌకర్యం పేరు నిశ్శబ్ద గది. అందులో మెత్తటి కుర్చీలు, మసక దీపాలు, అల్లం టీ ఉంటాయి. గంట మోత ఉండదు.

గంట సంగతి చెప్పాలి. కొత్త కాంట్రాక్టు వచ్చినప్పుడల్లా హాలు మధ్యలో వేలాడే ఇత్తడి గంట కొట్టడం ఆ కంపెనీ ఆచారం. గంట మోగగానే అందరూ లేచి కేకలు వేయాలి. వేయనివారికి కంపెనీ మీద ప్రేమ లేదని అర్థం. అక్కడి ఉద్యోగిని ఉదయశ్రీ సీటు సరిగ్గా ఆ గంట కింద ఉంది. అది మోగితే ఆమె గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు. మెట్ల దగ్గరికి పరుగెత్తి గోడ పట్టుకుని నిలబడుతుంది. డాక్టరు దానికొక పేరు పెట్టి మందులు రాశాడు. మేనేజరు జయలక్ష్మి కూడా ఒక పేరు పెట్టింది. పొగరు.

"చూడమ్మా, అందరూ సంబరపడుతుంటే నువ్వు చావుకబురు విన్నట్టు పారిపోతే ఏం బాగుంటుంది చెప్పు? ఇంకొక్కసారి లేచావంటే నీ ఉద్యోగానికి నేను పూచీ కాదు" అంది జయలక్ష్మి.

దాంతో ఉదయశ్రీ నిశ్శబ్ద గదిలో సీటు కోరుతూ, అర్హులను తేల్చే కమిటీ ముందుకు వెళ్లింది. కమిటీ అధ్యక్షుడు శివశంకర్ జీవితంలో దేనికీ భయపడి ఎరుగడు. భయాన్ని కొలవడానికి అంతకన్న అర్హుడు దొరకలేదు. ఆమె తల దువ్వుకుని, వేళకు వచ్చి, అడిగినవాటికి సమాధానం చెప్పింది. బల్ల కింద రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని ఉంది. బల్ల కింద చూడాలని నిబంధనల్లో లేదు.

శివశంకర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, జబ్బుంటే పనిచేయలేవు. చేస్తాండావు కాబట్టి జబ్బు లేదు. రేపు పనిచేయలేకపోతే జబ్బుందని మేమే ఒప్పుకుంటాం. అప్పుడు ఉద్యోగం ఉండదు కాబట్టి సౌకర్యంతో పనిలేదు. ఎట్ల చూసినా కంపెనీ నీ పక్కనే ఉంది."

సభ్యులు చప్పట్లు కొట్టారు. అంత న్యాయం వారు ఈ మధ్య వినలేదు.

పక్క సీటు నితీష్ బోరబండ కుర్రవాడు. తల పట్టుకున్నాడు. "ఏంది ఉదయా! గట్ల తయారై పోతే ఎవడు నమ్ముతడు? జర పరేషాన్ ఉన్నట్టు కనవడాలె. మదీనాగూడల కోచింగ్ పెట్టిన్రంట, పో."

నిజమే. ఈ ఊళ్లో రెండు రోజులు గిరాకీ ఉన్న దేనికైనా మూడో రోజు కోచింగ్ మొదలవుతుంది. నిన్నటిదాకా ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు శిక్షణ ఇచ్చిన ఈశ్వరయ్య మాస్టారు ఇప్పుడు ఆందోళనకు ఇస్తున్నాడు. వారాంతపు బ్యాచ్ వేరు. చేతులు వణకడం, నోరెండడం, మాట మధ్యలో ఆగి కిటికీ కేసి చూడడం పాఠ్యాంశాలు. ఏడుపు అదనపు సబ్జెక్టు.

ఉదయశ్రీ చేరింది. మొదటి రోజే మాస్టారు నలుగురి ముందు నిలబెట్టాడు. ఆమెకు నిజంగానే వణుకు వచ్చింది.

"అదేం వణుకు పాపా! ఒక వరస లేదు, తాళం లేదు. ఎవురు నమ్ముతారు? ఆ లోహిత్‌ను చూసి నేర్చుకో" అన్నాడు మాస్టారు. సహజత్వం లేదని ఆమెను బ్యాచ్‌లోంచి తీసేశాడు.

లోహిత్‌దీ అదే కంపెనీ, సెలవొస్తే కొండల మీంచి తాడు కట్టుకుని దూకే మనిషి. కమిటీ ముందు అతడు వణికిన తీరుకు జయలక్ష్మి కళ్లు తుడుచుకుంది. ఫస్ట్ ర్యాంక్ అతడిది. తర్వాత బ్యాచ్‌లన్నీ వరసగా గట్టెక్కాయి. నితీష్ కూడా వణికాడు. చివరికి జయలక్ష్మే వణికింది. నిశ్శబ్ద గది చాలక పక్క గోడ పడగొట్టి పెద్దది చేశారు. లోపల క్యారమ్స్, అంత్యాక్షరి. ఆ గోలకు కింది అంతస్తు వాళ్లు ఫిర్యాదు చేశారు.

ఇక్కడొక పొరపాటు జరిగింది. హాలు ఖాళీ అయింది. గంట కొట్టేవారు లేరు. ఉదయశ్రీ ఒక్కతే తన కుర్చీలో కూర్చుని, ఆ ఉద్యోగంలో మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకుని, అందరి పనీ పూర్తి చేసింది. కాంట్రాక్టులు కుప్పలుగా వచ్చాయి.

కంపెనీ కృతజ్ఞత మరిచేది కాదు. ఆమెకు ఉత్తమ ఉద్యోగి పురస్కారం ప్రకటించింది. ఆమె వేదికెక్కి అందరి ముందు స్వయంగా గంట కొట్టాలి.

"సర్, బహుమతి వద్దండి. నన్ను ఆ ఖాళీ హాల్లోనే ఉండనివ్వండి, చాలు" అని బతిమాలింది ఉదయశ్రీ.

"ఎంత వినయం!" అన్నాడు శివశంకర్. ఆ మాట కూడా తన ఉపన్యాసంలో చేర్చాడు.

సభ రోజున నిశ్శబ్ద గది మొత్తం తరలివచ్చి ముందు వరసల్లో కూర్చుంది. ఉదయశ్రీ చేతికి గంట తాడు ఇచ్చారు. ఆమె కొట్టలేదు. చెయ్యి వణికింది. వణికినకొద్దీ గంట మోగింది. మోగినకొద్దీ చెయ్యి వణికింది. గంట ఆగలేదు, కేకలూ ఆగలేదు. ఆమె కూలిపోయింది. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"అబ్బ! ఏం చేసిందిరా బాబూ!" అన్నాడు లోహిత్. ఫస్ట్ ర్యాంకువాడి మెచ్చుకోలు ఊరికే రాదు.

"ఏ బ్యాచ్ అమ్మాయి?" అని అడిగాడు శివశంకర్.

ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. కొన్నాళ్లు పనికి రాలేకపోయింది. కమిటీ మాట తప్పలేదు. జబ్బుందని ఒప్పుకుని, ఉద్యోగం తీసేసింది. హాల్లో మళ్లీ మనుషుల్ని నింపారు, గంట మోగుతోంది.

ఈశ్వరయ్య మాస్టారు హైవే పక్కన ఫ్లెక్సీ కట్టించాడు. ర్యాంకర్ల ఫోటోలన్నిటికీ పైన ఉదయశ్రీది వేయించాడు, వేదిక మీద పడిపోతున్నప్పటిది. కింద 'మా విద్యార్థిని' అని ఉంది, ఫోన్ నంబరుంది. పాఠకులారా, నిన్న మీరు కారు ఆపి ఆ నంబరు ఫోన్‌లోకి ఎక్కించుకున్నారు. ఫీజు అడిగారు, పిల్లలకు తగ్గింపు ఉందా అని అడిగారు. పైన ఫోటోలో అమ్మాయి ఎలా ఉందని మాత్రం అడగలేదు.